పిచ్చుకలకు కట్టిన విత్తనం

మా అమ్మ పిచ్చుకల్ని తోలడం నేను ఒక్క ఏడాదే చూశాను. క్వార్టర్ పెరట్లో పీట వేసుకుని, నాన్న పాత యూనిఫాం ముక్కను కర్రకు కట్టుకుని కూర్చునేది. పిచ్చుక గోడ మీద వాలితే చాలు, "పోండే, ఈయేడు మీకేటీ లేదు, పోండి" అని కర్ర ఊపేది. పెళ్లయి బిలాస్‌పూర్ వచ్చిన నాటి నుంచి అవే పిచ్చుకల్ని పిలిచి తిండి పెట్టిన మనిషి. ఆవిడ చేతికి ఆ కర్ర వచ్చింది నా వల్లనే.

ఎనభైల చివరి సంగతి. నేను అక్కడ ఒక హిందీ దినపత్రికలో పనిచేసేవాణ్ణి. నాన్న గూడ్సు గార్డు. రైలు పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే పాతుకుపోయిన కుటుంబాల్లో మాది ఒకటి. వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లం, బడిలో హిందీ చదువుకున్నాం, బజారులో ఛత్తీస్‌గఢీలో బేరాలాడేవాళ్లం.

కొత్త పంట చేతికొచ్చే రోజుల్లో వరి కంకుల్ని జడలా అల్లి గుమ్మానికి వేలాడగట్టడం అమ్మ పుట్టింటి అలవాటు. పిచ్చుకలు వచ్చి తినిపోవాలి. తిన్నాకే ఇంట్లో కొత్త బియ్యం వండాలి. ఛత్తీస్‌గఢీ ఇళ్లలోనూ ఆ అలవాటు ఉంది, అందుకని ఆ కుచ్చులు బజారులో అమ్మేవారు. కొన్నది కడితే అమ్మకు తృప్తి ఉండేది కాదు. "ఇది పిచ్చుకలకి పెట్టినట్టా, కొట్టోడికి పెట్టినట్టా?" అనేది. తర్వాత నా వంతు వచ్చేది. "ఊళ్లన్నీ తిరుగుతావు, పేపరోడివి. ఓ గుప్పెడు కంకులు తేలేవేటిరా?" తెస్తానమ్మా అనేవాణ్ణి. ప్రతి ఏడూ మరిచిపోయేవాణ్ణి. ఒక్క ఏడాది మాత్రం తెచ్చాను. అవి ఆవిడ కోసం తెచ్చినవి కావు.

ఊరి చివర సర్కండా పేట అవతల, వరి మీద పనిచేసే చిన్న సర్కారు పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. అందులో వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర శాస్త్రవేత్త ఉద్యోగం చేసేవాడు. ఒంటరివాడు. ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం. "ఏంది అంటాడే గానీ ఏటి అనడం రాదు, పాపం" అని అమ్మ ఏడిపించేది. "నేర్చుకుంట అమ్మా, ముందు ఆ పప్పు ఇటు జరుపు" అనేవాడు.

అతని పని పాత వరి రకాల్ని పోగుచేయడం. ఊళ్లలోకి పొట్టి రకం కొత్త విత్తనం వచ్చింది. దిగుబడి ఎక్కువ కాబట్టి రైతులు అటు మళ్లారు, తప్పులేదు. కానీ ఒక్కో పాత రకం ఒక్కో ఊళ్లో, ఒక్కోసారి ఒక్క ఇంట్లోనే మిగిలి ఉంటుంది. ఆ ఇంటివాళ్లు ఒక ఏడాది చల్లడం మానేస్తే ఇక అది భూమ్మీద లేనట్టే. ఇతను సైకిలు మీద తిరిగి గింజలు తెచ్చేవాడు. ఆరబెట్టి, తేమ లేకుండా డబ్బాలో మూసి, చల్లటి గదిలో పెట్టేవాడు. కొన్నేళ్లకోసారి కొంచెం తీసి చల్లి, కొత్త గింజ పండించి మళ్లీ దాచేవాడు. "పొట్టి వరికి రేపు ఏదో రోగం వస్తది. అప్పుడు మందు ఈ ముసలి వడ్లలోనే దొరుకుతది అన్నా" అనేవాడు.

ఒకసారి వార్త పని మీద గతౌరా అనే ఊరు వెళ్లాను. రైలు కట్ట వేయడానికి ఎప్పుడో మట్టి తవ్విన గుంటలు అక్కడ పట్టాల వెంట ఉన్నాయి. వానాకాలమంతా వాటిలో నడుము లోతు నీళ్లు. ఒక గుంటలో, ఆ నీళ్లలోంచి, మనిషెత్తు వరి లేచి ఉంది. గింజ గింజకూ కొసన బెత్తెడు మీసం. దాన్ని పండించేది అరవై దాటిన ఒక రైతు. పటరీ ధాన్ అంటామన్నాడు, అంటే పట్టాల వరి. వాళ్ల నాన్న నాటి నుంచీ ఆ గుంటలోనే చల్లుతున్నారట. ఇంకెవరి దగ్గరా లేదట.

ఆదివారం భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. మా శాస్త్రవేత్త ముద్ద పట్టుకున్న చెయ్యి ఆపాడు.

"మీసాలు ఏ రంగున్నయన్నా?"

"నల్లవి ఉన్నాయి, ఎర్రవి ఉన్నాయి. కొన్నిటికి గడ్డి రంగు."

"ఒక్క గుంటల్నే? అన్నీ కలిసి?"

ఇతను ఎందుకంత సంబరపడుతున్నాడో నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. కొత్త విత్తనంలో ప్రతి మొక్కా ఒకటే. పాత వరి అలా కాదు, అదొక ఊరు. అందులో ముందు వాన తట్టుకునేవి కొన్ని, ఆలస్యంగా వచ్చే వరద తట్టుకునేవి కొన్ని, పురుగు ముట్టనివి కొన్ని. ఏ ఏడాది ఏది వచ్చినా ఊళ్లో ఎవరో ఒకరు నిలబడతారు. ఒక్క కంకి తెచ్చి రకం దాచామంటే, ఒక్క ఇంటివాళ్లని తెచ్చి ఊరు దాచామన్నట్టు.

కోతల సమయానికి అతను చెల్లెలి పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. పని నాకు అప్పజెప్పాడు. "గుంట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడువు. దుబ్బుకొక్క కంకి. మంచిగున్నవే ఏరకు. పొట్టిది, వంగింది, అన్నీ తే. ఊరికి పోయి వచ్చేదాకా మీ ఇంట్ల భద్రంగ పెట్టు."

చెప్పినట్టే చేశాను. ప్యాంటు పైకి మడిచి బురదలో నడుస్తుంటే రైతు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన మాట్లాడింది ఛత్తీస్‌గఢీలో. దాన్ని నేను తెలుగులో చెబుతున్నాను. దాదా అంటే అక్కడ పెద్దాయన.

"ఎందుకు బాబూ ఇవి? నీకూ పొలముందా?"

"సర్కారు వాళ్లు దాచుతారు దాదా. చల్లటి గదిలో, డబ్బాలో."

"దాచి?"

"నీకెప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తారు."

"సర్కారు తీసుకున్నది తిరిగిచ్చిందని ఇంతవరకు వినలేదే!"

"నేనున్నాను కదా. నేను ఇప్పిస్తాను."

"హవ్, అవును, పేపరు బాబు అడిగితే ఇస్తారేమోలే" అని నవ్వాడు.

తర్వాత ఆయనే ఇంకో మాట చెప్పాడు. కొత్త లైను వేయడానికి ఈ గుంటలు పూడ్చేస్తారని అనుకుంటున్నారట. కొడుకులు పొట్టి వరే కావాలంటున్నారట. "నువ్వు దాస్తున్నావు కదా, ఇక నేను విత్తనం కట్టి దాచను. ఎలుకలతో ఏగలేక చస్తున్నాను" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ గుర్తొస్తుంది.

కంకుల కట్టను మా పత్రికలోనే చుట్టి తెచ్చి వరండా గూట్లో పెట్టాను. అమ్మ వంటింట్లో ఉంది. ఇది ఫలానా అని చెప్పాలన్న ఆలోచన రాలేదు. పొద్దున్నే ఎన్నికల సభల కోసం కోర్బా వైపు వెళ్లమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. పత్రికలో మొదట నేర్పే విద్య ఒకటుంది: ఏ వార్త ఈ పూటే పోవాలి, ఏది ఆగుతుంది అని చూసుకోవడం. సభలు ఆగవు. ఎండిన కంకులు ఆగుతాయి. అలా విడదీసి చూడటం నాకు ఎంత అలవాటైపోయిందంటే, చొక్కా తొడుక్కుంటూనే ఆ పని అయిపోయింది. బస్సెక్కేశాను.

తిరిగొచ్చేసరికి గుమ్మానికి కుచ్చు వేలాడుతోంది. అంత పెద్ద కుచ్చు మా వీధిలో ఎవరూ ఎప్పుడూ కట్టలేదు. దాని మీద పిచ్చుకలు కిక్కిరిసి ఉన్నాయి. సగం గింజలు అప్పటికే లేవు. కింద గచ్చు మీద పొట్టు, దాంతోపాటు నల్లవీ ఎర్రవీ మీసాలు చెదిరి ఉన్నాయి.

అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "వచ్చీసినావేటి? సూడు, ఎలాగున్నాదో! ఇన్నేళ్లకి గుర్తొచ్చింది నా కొడుక్కి. సెప్పకుండా గూట్లో పెట్టి ఎల్లిపోతే నాకు తెలవదనుకున్నావేటి?"

"అమ్మా, ఆ మీసాలు..."

"పొడుగు మీసాలు రా, పిచ్చుకల మొకానికి గుచ్చుకుంటున్నాయి. కట్టిన రోజు ఒక్కటీ వాలలేదు. పాపమని కత్తెర తెచ్చి కత్తిరించీసినాను. అప్పుడొచ్చినాయి సూడు, దండు!"

పిట్టలు ముట్టకుండా ఆ వరి తనకు తాను పెంచుకున్న మీసాలవి. అమ్మ జాలిపడి వాటిని తీసేసింది.

అప్పుడే స్టూలు వేసుకుని కుచ్చు విప్పి ఉంటే సగం గింజలైనా మిగిలేవి. అన్ని రంగులవీ మిగిలేవేమో. పక్క క్వార్టరు పిన్నిగారు గోడ అవతల నుంచి "మీవాడు తెచ్చాడటగా వదినా!" అంటోంది. అమ్మ మొహం చూశాను. రేపు పొద్దున్న ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు కొన్ని తీద్దామనుకున్నాను. పొద్దున్నే మళ్లీ సభలు. ఆ మర్నాటికి ఉత్త గడ్డి ఊగుతోంది. దాన్ని చూడలేక, ప్రతిసారీ దాని కింద నుంచి తల వంచుకుని లోపలికి వెళ్లేవాణ్ణి.

శాస్త్రవేత్త ఊరి నుంచి వచ్చాడు. పెళ్లి లడ్డూలు తెచ్చాడు. చెప్పాను. అతను లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి గడ్డి కుచ్చు చూశాడు. అమ్మ కంగారుగా నా వైపు చూసింది.

"ఏటిరా? అవి విత్తనాలేటి? నాకు సెప్పాలి కదేటి!"

"చెప్పలేదమ్మా."

"నా సేత్తో నేనే కత్తెర పెట్టినాను" అంది. అది నాకు తిట్టుకంటే ఎక్కువైంది.

"అన్నా, గతౌరా పోయి చూడు. ఇంట్ల వడ్లు ఏమన్నా మిగిలినయేమో" అన్నాడతను. వెళ్లాను. పటరీ ధాన్ ఏమైనా ఉందా దాదా అని అడిగాను. ఎందుకు కావాలో చెప్పలేదు, నోరు రాలేదు. వడ్లన్నీ ఉడకబెట్టి దంచేశారట, బియ్యమే ఉందట. నేను తినడానికి అడుగుతున్నాననుకున్నాడు ఆయన. ముందే చెబితే ఇంకాస్త ఉంచేవాళ్లం కదా అని నొచ్చుకుంటూ, ఉన్న బియ్యంలోంచి ఒక సంచి కట్టి సైకిలుకు తగిలించాడు. వద్దంటే వినలేదు.

ఉడకబెట్టిన వడ్ల బియ్యం మొలకెత్తదు. అమ్మ వండింది. లావు ఎర్ర అన్నం, చారు పోసుకుంటే తియ్యగా ఉంది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి రెండోసారి పెట్టించుకుని, "ఏ ఊరి బియ్యంరా ఇవి, మళ్లీ దొరుకుతాయా?" అన్నాడు. అమ్మ చారు గిన్నె ఆయన వైపు జరిపింది.

అమ్మకు తోచిందో, ఊరికే చేతికి వచ్చిందో తెలియదు, ఆ సాయంత్రం గుమ్మానికున్న గడ్డి కుచ్చు విప్పింది. జడ గట్టిగా బిగించే చెయ్యి ఆవిడది. కుచ్చు కట్టిన నాడు పొడుగు కాడలున్న కంకులు నాలుగైదు మధ్యలో మడిచి, వాటి చుట్టూ అల్లింది. ఆ ముడి లోపలికి పిచ్చుక ముక్కు దూరలేదు. విప్పితే నలిగిన కంకులు, వాటిని అంటుకుని గింజలు. ఆవిడ వాటిని పళ్లెంలో పోసి, ఆదివారం భోజనానికి వచ్చిన శాస్త్రవేత్త ముందు పెట్టింది. కొన్ని తాలు, కొన్ని విరిగినవి. బాగున్నవి గుప్పెడు కూడా లేవు.

"ఇవి డబ్బాలో పెట్టలేమమ్మా, ఎన్ని బతికున్నయో తెల్వదు. వానలు పడంగనే చల్లుదాం."

"నేను పెంచుతాను. నా దగ్గరే ఉంచండి" అంది అమ్మ.

నాన్న రైల్వే షెడ్డులో పక్కన పడేసిన ఎర్ర ఫైర్ బకెట్లు రెండు అడిగి తెచ్చాడు. వాటికి అడుగు గుండ్రం, నేల మీద నిలబడవు. పెరట్లో గోతులు తీసి పాతాడు. పొలం మట్టి నింపి, జూన్‌లో చల్లాం. సగానికి పైగా మొలవలేదు. మొలిచిన వాటికి రోజూ నీళ్లు, బకెట్ అంచు దాకా. అదే వానల్లో శాస్త్రవేత్త గతౌరా గుంటకు వెళ్లాడు. కోతప్పుడు రాలిన గింజలు తమంతట తామే మొలిచి ఉంటాయని అతని ఆశ. రైతు కొడుకులు గుంటను దమ్ముచేసి పొట్టి వరి నాటేశారు. పొడుగ్గా లేచినవన్నీ కలుపని పీకేశారు. మా శాస్త్రవేత్త మోకాళ్ల దాకా బురదతో వచ్చి మా వరండాలో కూలబడ్డాడు.

ఆగస్టులో పెద్ద వాన పడింది. తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం గతౌరా రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త లైను గుంటల వైపు కాదట, పట్టాలకు అవతలి పక్కనట. గుంటలు పూడ్చలేదు. పొట్టి వరి మునిగి కుళ్లిపోయింది.

"నా విత్తనం ఇప్పించు బాబూ. వచ్చే ఏటికి."

నేను నీళ్లు నములుతున్నాను. శాస్త్రవేత్త ఊళ్లో లేడని, కనుక్కుంటానని ఏదో అంటున్నాను. లోపలి నుంచి అమ్మ వచ్చింది, తన హిందీలో చెప్పేసింది. "అన్నా, నీ ధాన్యం నా పిచ్చుకలు తినీసినాయి. మావోడు సెప్పడానికి మొకం సెల్లక దాస్తున్నాడు."

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "పిచ్చుకలా దాయీ?" అన్నాడు. దాయీ అంటే అమ్మా అని.

"పిచ్చుకలే."

ఒక్కసారి పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అంతలో ఆయన నవ్వు ఆగిపోయింది. అమ్మ పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది. బకెట్ల పక్కన గొంతుక్కూర్చుని ఆకు వేళ్ల మధ్య పెట్టి చూశాడు.

"సర్కారు చల్లటి గది అన్నావు బాబూ" అన్నాడు నా వైపు తిరక్కుండానే. "ఇవి నిప్పంటుకుంటే నీళ్లు పోసే బాల్టీలు కదా."

"అవును దాదా."

"నేను ఎలుకలతోనే ఏగి ఉండాల్సింది."

కోపంగా అనలేదు. అమ్మ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

అక్టోబర్‌లో వరి ఈనింది. గింజ పాలు పోసుకునే రోజుల్లో పిచ్చుకలు పోటెత్తాయి. మీసాలు ఇంకా లేతగా ఉన్నాయి, వాటికి అడ్డు కాలేదు. అప్పుడే అమ్మ కర్ర పట్టుకుంది. పొయ్యి మీద కూర మాడినా లేచేది కాదు. ఒకనాడు రేషన్ ఆఫీసులో పని పడి నాన్నను కాపలా పెట్టి వెళ్లింది. వచ్చేసరికి ఆయన కునుకుతున్నాడు. "గార్డు ఉద్యోగం ఎలాగిచ్చినారో నీకు!" అని వీధి వినేలా అరిచింది. ఆ ఏడు గుమ్మానికి కుచ్చు కట్టలేదు, కొన్నది కూడా. కొత్త బియ్యమూ వండలేదు.

మీసాలు రంగు తిరిగాయి. రెండు బకెట్లలోనూ నలుపు. ఎర్రవి లేవు, గడ్డి రంగువి లేవు. జడ మధ్యలో పెట్టిన పొడుగు కాడల కంకులు నల్లమీసాలవే కాబోలు. శాస్త్రవేత్త ఒక్కొక్క కంకీ ఎత్తి చూశాడు. "పేరు మిగిలిందన్నా" అన్నాడు. మిగతాది నేను అడగలేదు. సగం గింజలు అతను డబ్బాకు తీసుకెళ్లాడు. సగం ఒక గుడ్డలో కట్టి నేను గతౌరా వెళ్లి ఇచ్చి వచ్చాను. రైతు వాటిని నుదుటికి తాకించుకుని లోపల పెట్టాడు. రంగుల సంగతి నేను చెప్పాను. "గింజ గింజే కదా బాబూ" అన్నాడు. నన్ను ఊరడించడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

రెండు పంటలు గుంట మూలనే చల్లి పెంచాడు. మూడో ఏడు కోతలయ్యాక మళ్లీ మా ఇంటికి వచ్చాడు. చేతిలో పెద్ద కంకుల కట్ట.

"దాయీ, నీ పిచ్చుకలకి. ఈసారి విత్తనం వేరే కట్టాను, ఎలుకలకి దొరక్కుండా."

అమ్మ అందుకోలేదు. "వద్దన్నా. నా సేత్తో మళ్లీ కట్టలేను."

"నా ధాన్యం తిన్న పిచ్చుకల్ని నేనోసారి చూడొద్దా?" అన్నాడు. గుమ్మంలోనే కూర్చున్నాడు, కట్టేదాకా కదలనన్నట్టు.

అమ్మ చాలాసేపటికి కట్ట విప్పింది. నేను పక్కన కూర్చుని కాడలు సరిచేసి అందించాను. నిజానికి నేను చేస్తున్నది వెతకడం. ఒక్క ఎర్ర మీసమైనా ఉంటుందేమోనని ప్రతి కంకీ వెలుతురుకు తిప్పాను. అన్నీ నల్లవే. నేను ఏం చూస్తున్నానో అమ్మకు తెలుసు. తర్వాతి కంకి కోసం చెయ్యి చాపింది.

కుచ్చు వేలాడగట్టాం. కత్తెర తియ్యలేదు. పిచ్చుకలు వచ్చాయి, మీసాలు గుచ్చుకుని వెనక్కి ఎగిరి గోడ మీద వరసగా కూర్చున్నాయి. "ఇవేనా దాయీ?" అన్నాడు రైతు. "ఇవే" అంది అమ్మ. ముగ్గురం కాసేపు వాటిని చూస్తూ కూర్చున్నాం.